గంబోకి చిక్కదనం దేనితో? రూ, బెండకాయ, ఫిలే: ఏది ఎప్పుడు వాడాలి, చెడితే ఏం చేయాలి

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కోడి, సాసేజ్, రొయ్యల లాంటివి వేసి వండి అన్నం మీద పోసుకుని తినే రసం గంబో. అందులో రుచి చెడడం అరుదు. ఉప్పు, కారం ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. చెడేది ఎక్కువగా చిక్కదనమే. నీళ్లలా పలుచగా ఉంటుంది, లేదా గరిటెత్తితే తీగలు సాగుతాయి, లేదా పైన నూనె మడుగు కడుతుంది, కాదంటే పిండి తునకలుగా విరిగి కనిపిస్తుంది. వీటన్నిటికీ ఒకే మందు పనిచేయదు. ఎందుకంటే గంబోని చిక్కబరిచే వస్తువులు మూడు, మూడూ పనిచేసే తీరు వేరు. మైదాని కొవ్వులో వేయించే రూ ఫ్రెంచి వంట నుంచి వచ్చింది. బెండకాయ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతో పాటు అమెరికా చేరింది. ఫిలే అనే ఆకుపొడి అక్కడి మూలవాసులైన చోక్టాల దగ్గర నేర్చుకున్నది. 2004లో లూసియానా గంబోని తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది గానీ, ఆ కుండలో ఏది పడాలన్న తగువు మాత్రం అక్కడ ఇంటింటికీ ఇంకా నడుస్తూనే ఉంది.

మొదటిసారి చేసేవాళ్లు ముందు రూ రంగు దగ్గర పట్టుబడతారు. ఫోటోలో కాఫీ రంగులో ఉందని మన దాన్నీ అంత నల్లగా వేయించి, తర్వాత చిక్కబడలేదని బాధపడతారు. వరుస తిరగేయండి. ముందు కుండలో పడేది కోడా, రొయ్యలా అన్నది తేల్చుకోండి. దాన్నిబట్టి రూ రంగు, రంగునుబట్టి పిండి కొలత, ఆ కొలత చాలదంటే రెండో చిక్కదనం. ఈ వరుసలో వెళ్తే చివర్లో మరమ్మతులు చాలావరకు తప్పుతాయి.

ఎంత చిక్కగా ఉంటే సరి

గంబో గ్రేవీ కాదు. అన్నం మీద ముద్దగా కూర్చునేది లూసియానాలోనే వేరే వంటకం, దాని పేరు ఎటూఫే. గంబో పప్పుచారంత చిక్కగా ఉంటే చాలు: అన్నం మీద పోస్తే కొంత లోపలికి దిగాలి, కొంత చుట్టూ నిలవాలి. స్టీలు చెంచా ముంచి తీస్తే వెనకవైపు పలుచటి పూత పట్టాలి, వేలితో గీస్తే ఆ గీత ఒక్క క్షణం నిలిచి కలిసిపోవాలి.

ఉడుకుతున్న కుండలోకి చూసి తీర్పు చెప్పొద్దు. మరిగేటప్పుడు ఏ పిండి రసమైనా అసలు కంటే పలుచగా కనిపిస్తుంది. చిన్న గిన్నెలోకి ఒక గరిటెడు తీసి ఐదు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు చూడండి. ఎముకలతో ఉన్న కోడి తొడలు ఉడికించిన స్టాకు అయితే అందులోని జెలటిన్ (ఎముకల నుంచి దిగే బంక) కూడా చల్లారేకొద్దీ బలం చూపిస్తుంది. మూడు చిక్కదనాల లెక్కలో ఎవరూ చేర్చని నాలుగోది ఈ జెలటిన్. ఎముకల్లేని మాంసం, అంగడిలో కొన్న డబ్బా స్టాకు వాడి చేసిన గంబోలో రూ ఎంత సరిగ్గా కుదిరినా నోటికి ఏదో వెలితిగా తగిలేది ఇందుకే.

రూ: నల్లబడేకొద్దీ బలం తగ్గుతుంది

మైదాలోని పిండిపదార్థం పొడవాటి గొలుసుల్లా ఉంటుంది. వేడి నీళ్లలో ఆ గొలుసులు ఉబ్బి నీటిని పట్టేసుకుంటాయి, అదే చిక్కదనం. నూనెలో నీరు లేదు, వేడి 170 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్కడ గొలుసులు ఉబ్బవు, తెగుతాయి. తెగిన పొట్టి ముక్కలు రంగునీ, కమ్మటి మాడు వాసననీ ఇస్తాయి గానీ నీటిని పట్టుకోలేవు. బాగా నల్లబడిన రూకి తెల్ల రూ బలంలో మూడో వంతు మిగలడమే గొప్ప. కాబట్టి నల్ల రూని రుచి కోసం వేసే దినుసుగా చూడాలి, చిక్కదనం దానికి కొసరు.

రెండు లీటర్ల స్టాకుకి మైదా కొలతలు ఇలా పెట్టుకోండి:

- లేత బంగారు రంగు: 60 నుంచి 70 గ్రాములు. ఆకుకూరల గంబోకి తప్ప ఈ రంగు రుచి చాలదు. అయితే పలుచబడిన కుండని బాగుచేయడానికి ఇదే పనికొస్తుంది.
- పీనట్ బటర్ రంగు: 90 గ్రాములు.
- పాల చాక్లెట్ రంగు: 110 నుంచి 120 గ్రాములు.
- డార్క్ చాక్లెట్ రంగు: 125 నుంచి 150 గ్రాములు.

లూసియానా ఇళ్లలో లెక్క సులువు: ఒక కప్పు పిండికి ఒక కప్పు నూనె. అంటే సుమారు 125 గ్రాముల మైదాకి 240 మిల్లీలీటర్లు. ఈ కొలతలో రూ జారుగా ఉండి తేలిగ్గా తిరుగుతుంది, కానీ తర్వాత తేలే నూనె కూడా ఇదే. బరువుకి బరువు వేస్తే (సుమారు 135 మిల్లీలీటర్లు) నూనె తేలదు గానీ ముద్ద గట్టిపడి అడుగంటుతుంది, కొత్తవాళ్ల చేతిలో మాడుతుంది. ఆ రెంటి మధ్య 180 మిల్లీలీటర్లు మా ఎంపిక.

కొవ్వు ఏదన్నది కూడా చూసుకోవాలి. వేరుశనగ నూనె, కనోలా, పంది కొవ్వు బాగా పనిచేస్తాయి. వెన్న వద్దు, అందులోని పాల మడ్డి రూ రంగు తిరిగేలోపే మాడిపోతుంది. నెయ్యిలో ఆ మడ్డి ఉండదు కాబట్టి వేడికి నిలబడుతుంది, కానీ దాని వాసన రొయ్యల గంబోని మింగేస్తుంది. కోడి గంబోకైతే సగం నెయ్యి, సగం నూనె ఫరవాలేదు.

రూ చేసే పద్ధతుల్లో ఏది?

పొయ్యి మీద సన్న సెగ, మందపాటి ఇనుప మూకుడు, చదును అంచున్న చెక్క గరిటె. 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. కొత్తవాళ్లకి మేం చెప్పేది ఇదే, ఎందుకంటే ప్రతి దశా కంటికి కనిపిస్తుంది. మొదట పిండి తెల్లటి ముద్దలా ఉండి అంచుల్లో నురగ కడుతుంది, అది పిండిలోని తడి పోవడం. పదిహేను నిమిషాలకి వేయించిన వేరుశనగల వాసన వస్తుంది. ఆ తర్వాత ఒక విచిత్రం జరుగుతుంది: ముద్ద సడలి గరిటె కింద జారడం మొదలెడుతుంది. కొత్తగా నూనె ఏమీ పోయలేదు, అయినా పలుచబడింది. గొలుసులు తెగుతున్నాయనడానికి ఇది కంటికి కనిపించే గుర్తు. ఇక్కడి నుంచి రంగు వేగంగా తిరుగుతుంది. ఫోను మోగినా తీయొద్దు, మూకుడు మూలలు గీకుతూనే ఉండాలి. వేయించిన కాఫీ గింజల వాసన దగ్గరకొస్తే ఆపే సమయం. నల్ల చుక్కలు కనిపించాయా, పారబోసి మళ్లీ మొదలెట్టండి. మాడిన రూని వడగట్టినా, చక్కెర వేసినా, స్టాకు పెంచినా ఆ చేదు పోదు.

పొయ్యి మీదే పెద్ద సెగన కొన్ని నిమిషాల్లో నల్ల రూ చేయడం ఇంకో పద్ధతి. పొగలొచ్చే నూనెలో పిండి వేసి విస్క్‌తో ఆపకుండా గిలకొట్టే ఈ తీరుకి పేరు తెచ్చింది లూసియానా షెఫ్ పాల్ ప్రూడోమ్. చేయి తిరిగినవాళ్లకి సమయం కలిసొస్తుంది. మిగతావాళ్లకి చర్మం కాలుతుంది: చిమ్మిన రూ నూనెలా జారిపోకుండా ఒంటికి అతుక్కుంటుంది, అదీ 200 డిగ్రీలు దాటిన వేడితో.

ఓవెన్ ఉంటే 175 డిగ్రీల దగ్గర, మూత లేని మందపాటి పాత్రలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రతి 20 నిమిషాలకీ ఒకసారి కలపడం. రంగు అంతటా ఒకేలా వస్తుంది, మాడే ప్రమాదం తక్కువ. ఆ వ్యవధిలో కూరగాయలు తరుక్కోవచ్చు, స్టాకు కాచుకోవచ్చు. ఎక్కువ మందికి చేసేటప్పుడు ఇదే ఎంచుకోండి.

నూనె వద్దనుకునేవాళ్లు ఒట్టి పిండిని పళ్లెంలో పరిచి 200 డిగ్రీల ఓవెన్లో పదేసి నిమిషాలకి కలుపుతూ దాల్చినచెక్క రంగు వరకు వేయిస్తారు. దీంతో వచ్చే సమస్య ఒకటే: పిండి రేణువుల మధ్య కొవ్వు లేదు కాబట్టి వేడి స్టాకులో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. చల్లటి స్టాకులో జారుగా కలిపి, ఆ తర్వాతే కుండలో పోయాలి.

సవోయీస్, కేరీస్ లాంటి సీసా రూలు లూసియానా, టెక్సాస్ అంగళ్లలో దొరుకుతాయి, అక్కడివాళ్లే పనిదినాల్లో మొహమాటం లేకుండా వాడతారు. సీసాలో నూనె పైకి తేలి, ముద్ద అడుగున గట్టిపడి ఉంటుంది. ఆ పై నూనెని కొంత వంచేస్తే గంబో తేలిగ్గా వస్తుంది. ముద్దని మాత్రం మరుగుతున్న స్టాకులోనే వేయాలి, పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. గోరువెచ్చటి స్టాకులో వేస్తే అడుగున రాయిలా కూర్చుంటుంది. మైక్రోవేవ్ రూ కూడా ఉంది గానీ, అంత వేడి నూనెని గాజు పాత్రలో మాటిమాటికీ బయటికి తీసి పెట్టడం మాకు నచ్చదు.

కూరగాయలు, స్టాకు: రూ విరిగేది ఇక్కడే

ఉల్లిపాయ రెండు పాళ్లు, సెలరీ ఒక పాలు, క్యాప్సికమ్ ఒక పాలు. రంగు రాగానే ఇవి ఒక్కసారిగా రూలో పడాలి. వాటి తడికి వేడి ఠక్కున దిగి రూ రంగు తిరగడం ఆగుతుంది. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, కాసేపట్లో జారుగా ఉన్న రూ మెరిసే గట్టి ముద్దగా మారి ముక్కల్ని పట్టేసుకుంటుంది. చెడిపోయిందనుకుని కంగారుపడొద్దు, కూరగాయల నీటికి మిగిలిన పిండిపదార్థం ఉబ్బింది, అంతే. ఐదారు నిమిషాలు వేయిస్తే ఉల్లి మెత్తబడుతుంది, ముద్ద సడలుతుంది. కావాల్సిన రంగుకి ఒక మెట్టు ముందే కూరగాయలు వేయడం మంచిది, వాటి చక్కెరలు వేగి రంగుని ఇంకాస్త ముదరబెడతాయి.

స్టాకు వేడిగా పోయాలా, చల్లగానా అన్న వాదన పెద్దది. వేడి కంటే వేగం ముఖ్యం. గది వేడికి కాస్త పైన ఉన్న స్టాకుని మొదటి మూడు నాలుగు గరిటెలు ఒక్కొక్కటిగా పోసి, ప్రతిసారీ నున్నటి ముద్దయ్యేదాకా కలపండి. ముద్ద జావలా మారాక మిగతాది ధారగా పోసేయొచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాకు రెండు లీటర్లూ ఒకేసారి గుమ్మరిస్తే కొవ్వు పేరుకుని రూ తునకలు తునకలుగా విరుగుతుంది, పైన నూనె, కింద నీళ్లు, మధ్యలో గోధుమరంగు పొరకలు. అలా అయినా పారబోయాల్సిన పనిలేదు. మాంసం ఇంకా వేయకపోతే పెద్ద సెగ మీద మరగనిచ్చి విస్క్‌తో ఐదు నుంచి పది నిమిషాలు కొట్టండి, చాలాసార్లు కలిసిపోతుంది. కలవకపోతే హ్యాండ్ బ్లెండర్ ఒక నిమిషం తిప్పండి. ఉల్లిముక్కలు నలిగినా నష్టం లేదు.

నోటికి నలకలు తగిలితే ఏవో తేల్చుకోడానికి ఒకటి వేళ్ల మధ్య నలపండి. మెత్తగా పూసుకుపోతే కరగని రూ, ఇంకో ఇరవై నిమిషాలు మరిగితే పోతుంది. గట్టిగా నల్లగా నిలబడితే మాడు, దానికి మందు లేదు. జారుగా, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉంటే ఫిలే ఉండకట్టింది.

బెండకాయ: తెలుగు చేయి ఇక్కడ ముందుంటుంది, ఒక చోట తప్ప

బెండకాయ జిగురు పిండిపదార్థం కాదు, నీటిలో కరిగే వేరే రకం బంక. నీరు తగిలితే వదులుతుంది, ఎక్కువ కోతలు పడితే ఎక్కువ వదులుతుంది, పులుపుకీ ఎక్కువసేపు వేడికీ లొంగుతుంది. కడిగి తుడిచి ఆరబెట్టి కోయడం, మూత పెట్టకపోవడం, ఉప్పు చివర్లో వేయడం, పులుసులో పడితే తీగ తెగుతుందని తెలిసి ఉండడం, ఇవన్నీ మన వంటింట్లో పుట్టుకతో వచ్చే సంగతులు. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో మొదటిసారి గంబో చేసే తెలుగువాళ్లకి రూ కొత్తేమో గానీ బెండకాయ కొత్త కాదు.

పొరపాటు జరిగేది ఎక్కడంటే, వేపుడు అలవాటుతో జిగురంతా పోయేదాకా కరకరలాడించేస్తారు. గంబోలో బెండకాయ పని చిక్కబరచడమే, జిగురంతా చంపేస్తే అది ఒట్టి కూరగాయ. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు చక్రాలుగా కోసి, 450 గ్రాములకి రెండు టేబుల్ స్పూన్ల నూనెతో వెడల్పాటి పెనం మీద మధ్యస్థంగా మంట పెట్టి వేయించండి. మొదటి ఐదారు నిమిషాల్లో జిగురు తగ్గకపోగా పెరుగుతుంది, గరిటె ఎత్తితే సాలెగూడు దారాల్లా తీగలొస్తాయి. చాలామంది ఇక్కడ భయపడి అలాగే కుండలో వేసేస్తారు, గంబో అంతా తీగలు సాగుతుంది. ఆగండి. ఒక టమాటా తరిగి వేయండి, లేదా ఒక టీస్పూను వెనిగర్. 20 నుంచి 25 నిమిషాలకి తీగలు తెగి, ముక్కలు అంచుల్లో గోధుమ రంగు తిరిగి, గరిటెకి తడి మెరుపు మాత్రమే మిగులుతుంది. ఆ క్షణాన దించండి. రుచి చూసి, చింతపండు చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది, వద్దు. గంబో పులుసు అయిపోతుంది.

రూతో పాటు వేస్తే రెండు లీటర్లకి 250 నుంచి 350 గ్రాములు చాలు, రూ లేకుండా బెండకాయ మీదే ఆధారపడితే 700 గ్రాముల పైన కావాలి. ఇనుప మూకుడులో మాత్రం బెండకాయ వేయించొద్దు, నల్లబడుతుంది. స్టీలు లేదా ఎనామెల్ పాత్ర మంచిది. ఇక గడ్డకట్టిన ప్యాకెట్ బెండకాయ: మంచు కణాల్ని చీల్చేస్తుంది కాబట్టి కరిగేసరికి జిగురు మొత్తం బయటే ఉంటుంది. కరగనివ్వకుండా నేరుగా పళ్లెంలో ఒకే వరసలో పరిచి, 220 డిగ్రీల ఓవెన్లో 20 నిమిషాలకి పైగా కాల్చి వేయడమొక్కటే దారి.

ఫిలే: కుండలో కాదు, గిన్నెలో

సాసఫ్రాస్ చెట్టు ఆకుల్ని ఎండబెట్టి చేసిన పొడి ఫిలే. జటరైన్స్ సీసా అమెరికా అంగళ్లలో దొరుకుతుంది. పూర్వం బెండకాయ దొరకని చలికాలంలో దీన్ని వాడేవాళ్లు. చిక్కదనంతో పాటు మట్టి వాసన కలిసిన ఒక ఆకు రుచినిస్తుంది, అది వేరే దేంతోనూ రాదు. సాసఫ్రాస్ నూనెలోని సాఫ్రోల్ అనే రసాయనాన్ని అమెరికా 1960లో ఆహారంలో నిషేధించిందని చదివి భయపడేవాళ్లుంటారు. ఆ నూనె ప్రధానంగా వేరు బెరడుది. అంగళ్లలో అమ్మే ఫిలే ఆకులది.

దీనికి ఒక్కటే నియమం, దాన్ని ఎందరో తప్పుతారు: ఫిలే పడ్డాక మరగకూడదు. మరిగితే దారాలు కడుతుంది, ఆ దారాల్ని తెంపే ఉపాయం లేదు. పొయ్యి కట్టేసి, బుడగలు ఆగాక, రెండు లీటర్లకి రెండు టీస్పూన్లు జల్లెడలోంచి చల్లి కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఇంకా మంచి పద్ధతి, కుండలో అసలు వేయకుండా వడ్డించిన గిన్నెలోకి పావు నుంచి అర టీస్పూను వేసుకోవడం. మిగిలిన గంబో మర్నాడు వేడి చేయాలంటే ఈ పద్ధతే శరణ్యం.

ఏ గంబోకి ఏది?

కోడి, ఆండూయి (పొగబెట్టిన పంది మాంసపు) సాసేజ్: డార్క్ చాక్లెట్ రూ, ఎముకల స్టాకు, బల్ల మీద ఫిలే. బెండకాయ వద్దు, పొగబెట్టిన మాంసం రుచికి అది అడ్డుపడుతుంది. ఈ గంబో కాస్త పలుచగా ఉండడమే అందం.

రొయ్యలు, పీతలు, ఆయిస్టర్లు: ఇక్కడ నల్ల రూ తప్పు ఎంపిక అని మా అభిప్రాయం. దాని కాఫీ చేదు ముందు రొయ్య రుచి నిలవదు. పీనట్ బటర్ రంగు రూ, వేయించిన బెండకాయ కలిపితే సరి. రొయ్య పెంకుల స్టాకులో జెలటిన్ దాదాపు ఉండదు, కాబట్టి రెండో చిక్కదనం అవసరమే. టమాటా న్యూ ఆర్లీన్స్ నగరపు క్రియోల్ సంప్రదాయం ఇళ్లలో ఒప్పుతుంది, ఫ్రెంచి మూలాలున్న కేజన్ల పల్లెల్లో ఒప్పదు. వేస్తే గుర్తుంచుకోండి, దాని పులుపు ఎక్కువసేపు మరిగితే పిండి చిక్కదనాన్నీ తగ్గిస్తుంది. రొయ్యలు చివరి నాలుగు నిమిషాల్లోనే పడాలి, లేదంటే చిక్కదనం ఎంత కుదిరినా నమిలేది రబ్బరే.

మైదా పడనివాళ్లకి: రూ వదిలేసి బెండకాయ మీద నడిపించండి. బియ్యప్పిండితో కూడా రూ చేయొచ్చు గానీ నోటికి కాస్త ఇసుకలా తగులుతుంది.

ఈస్టర్ ముందు గురువారం చేసే ఆకుకూరల గంబోకి లేత రూ, ఫిలే చాలు. న్యూ ఆర్లీన్స్‌లో డూకీ చేజ్ రెస్టారెంటులో లియా చేజ్ వండి ప్రసిద్ధి చేసింది దీన్నే. ఉడికి మెత్తబడిన ఆకులే సగం చిక్కదనం.

బెండకాయ, ఫిలే రెండూ ఒకే కుండలో వేసేవాళ్లు లూసియానాలోనూ ఉన్నారు. కొలత తెలియకపోతే వేయొద్దు, రెండు బంకలు కలిస్తే గమ్ము.

పలుచబడితే ఏది ముందు, ఏది చివర

మొదట మూత తీసి సన్న సెగ మీద అరగంట. చాలా కుండలు ఇక్కడే బాగుపడతాయి, పచ్చిపిండి వాసన ఉన్నా పోతుంది. రొయ్యలు పడి ఉంటే ముందు తీసి పక్కన పెట్టుకోండి.

అది చాలకపోతే మూడు టేబుల్ స్పూన్ల మైదా, మూడు టేబుల్ స్పూన్ల నూనెతో వేరే పెనంలో పది నిమిషాలు వేయించి లేత రూ చేయండి. లేత రూకి బలం ఎక్కువ కాబట్టి కొంచెమే చాలు, కుండ రంగు మారదు. అందులోకి గంబో రెండు గరిటెలు పోసి జావ చేసి కుండలో కలిపి ఇరవై నిమిషాలు ఉంచండి. మళ్లీ నల్ల రూ చేసి కలపొద్దు, రెట్టింపు నూనె, సగం ఫలితం.

అతిథులు కూర్చున్నారు, సమయం లేదు: ఫిలే బల్ల మీద పెట్టండి. ఫిలే లేదు: లీటరుకి ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి పోసి రెండు నిమిషాలు మరిగించండి. పని జరుగుతుంది, చైనీస్ సూపు మెరుపు వస్తుంది, మర్నాటికి నీళ్లొదులుతుంది. మన పులుసుకి కలిపినట్టు బియ్యప్పిండి నీళ్లు పోస్తే చిక్కబడుతుంది గానీ ముదురు రంగు మబ్బేసినట్టు మసకబారుతుంది. పచ్చి మైదా మాత్రం ఏ పరిస్థితిలోనూ కుండలో చల్లొద్దు.

మరీ చిక్కబడితే వేడి స్టాకు వంద మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ చూడండి. స్టాకులో ఉప్పు ఉంటే సగం స్టాకు, సగం వేడి నీళ్లు.

తేలే నూనె

కొంత నూనె తేలడం సహజం, అది రూ విరిగిన గుర్తు కాదు. నల్ల రూలో నూనెని పట్టి ఉంచే పిండి తక్కువ, పైగా సాసేజ్, కోడి చర్మం కూడా కొవ్వు వదులుతాయి. సాసేజ్ ముక్కల్ని ముందే వేరే పెనంలో వేయించి ఆ కొవ్వు వంచేయండి. కుండని పొయ్యికి ఒక పక్కకి జరిపి ఒక అంచునే మరగనిస్తే నూనె, నురగ ఎదుటి అంచుకి చేరతాయి, అక్కడి నుంచి గరిటె వెనకతో కాదు, అంచుతో తీయండి. తొందర లేకపోతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు గట్టి పలకలా కడుతుంది, మొత్తం ఒకేసారి ఎత్తేయొచ్చు.

గంబో మర్నాడే బాగుంటుందన్న మాట నిజమే, కానీ అన్నం కలిపి దాచొద్దు, తెల్లారేసరికి అన్నం రసమంతా తాగేస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలంటే కోడి గంబో నిక్షేపంగా నిలుస్తుంది. రొయ్యల గంబోకైతే రొయ్యలు వేయకముందే భాగం తీసి దాచి, తినే రోజున వేడి చేసి కొత్త రొయ్యలు వేసుకోండి. వేడి చేసేటప్పుడు మొదట గడ్డలా ఉందని నీళ్లు పోయొద్దు. జెలటిన్ కరిగి, కుండ పూర్తిగా వేడెక్కాక చూసి, అప్పటికీ చిక్కగా ఉంటేనే పలుచన చేయండి.